ఎవరు పోయారని ఎవరూ అడగలేదు

ఆ శనివారానికి అజెకుమ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే క్షవరం చేయించుకోవాలి. పన్నెండింటికి దుకాణం షట్టరు సగం దించాలి. మూడింటికి రేడియో ముందు కూర్చుని బంతామా రేంజర్స్ ఈ సీజనులో ఆడే ఆఖరి ఫుట్‌బాల్ మ్యాచ్ వినాలి. గెలిస్తే సరే. ఓడితే మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పెద్ద లీగులో ఆడుతున్న ఆ జట్టు కింది లీగుకు దిగిపోతుంది. ఆ వినడమేదో పక్కన ఇంకొకరుంటే బాగుండునని కూడా అనుకున్నాడు గానీ, అది ప్లానులో చేర్చలేదు. చేతిలో లేని సరుకును లెక్కలో చూపించడం అతనికి అలవాటు లేదు.

కుమాసిలో, బంతామా పెద్దరోడ్డు మీద అతనికి కుట్టుమిషన్ల విడిభాగాల దుకాణం ఉంది. దాని వెనకే ఇల్లు. వయసు అరవై మూడు. ఇంట్లో వెయ్యిన్నూట నలభై గ్రామఫోను రికార్డులున్నాయి. మనిషి మాత్రం ఒక్కడే. భార్య సెర్వా కూతురి కాన్పుకని తకొరాదీ వెళ్ళి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో, సరుకు కోసం కాకుండా అతని కోసమే గుమ్మం ఎక్కినవాళ్ళు ముగ్గురని అతని లెక్క. ఒకడు ఇల్లు తప్పి వచ్చాడు. ఒకడు మీటరు చూసుకుని వెళ్ళాడు. మూడోది మేక.

తమ్ముడు సార్పాంగ్ ఊరి ఆ చివర అసోక్వాలోనే ఉంటాడు. కానీ ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. వాళ్ళ నాన్న జీవితంలో మొట్టమొదట కొన్న రికార్డును వినడానికని తీసుకెళ్ళిన సార్పాంగ్, ఇంట్లో ఎవరో దాని మీద వేడి వేడి సూపుకుండ దించేదాకా చూసుకోలేదు. రికార్డు గిన్నెలా వంగిపోయి తిరిగొచ్చింది. అప్పుడైనా తల దించుకుని ఉంటే సరిపోయేది. "పోన్లే అన్నయ్యా, వేరుశనగలు పోసుకోవడానికి పనికొస్తుంది" అని నవ్వాడు. ఆ ఒక్క మాట ఖరీదు ఆరేళ్ళు.

ఎనిమిదింటికి అజెకుమ్ మంగలి ఎనోక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎడమవైపు మిషను నడిచింది. కుడివైపుకు తిరిగేసరికి కరెంటు పోయింది.

"మళ్ళీ ఎప్పుడొస్తుందిరా?" అన్నాడు అజెకుమ్.

"వచ్చాక చెబుతా పెద్దాయనా."

"అప్పటిదాకా నేనిలాగే కూర్చోవాలా?"

"కూర్చోవచ్చు. లేదంటే కత్తి ఉంది. కానీ కత్తికి సగం సగం తెలీదు, మొత్తం లాగేస్తుంది."

సగం తలతో రోడ్డు మీద నడవడం కన్నా బోడి తలతో నడవడమే నయమని లెక్క వేసుకుని, కానివ్వమన్నాడు అజెకుమ్.

ఇంటికొచ్చి జెర్సీ వెతికాడు. రేంజర్స్ రంగులు ఎరుపు, నలుపు. ముఖ్యమైన ఏ మ్యాచ్‌కూ ఆ జెర్సీ వేసుకోకుండా రేడియో పెట్టడు. ఎంత వెతికినా దొరక్క సెర్వాకు ఫోన్ చేశాడు. అవతల పసిపిల్ల ఏడుపు వినిపించింది.

"నా జెర్సీ ఎక్కడ పెట్టావే?"

"ట్రంకులో."

"తాళంచెవి?"

"నా కొంగున. పిల్ల లేచింది, పెట్టేస్తున్నా. తిన్నావా?"

జవాబు వినకుండానే పెట్టేసింది. నలభై సెకన్లు. పోయిన శనివారం కంటే ఆరు సెకన్లు తక్కువ. ఆ వెంటనే ఫోన్‌లో ఛార్జింగు కూడా అయిపోయింది.

ట్రంకు పైన మడతపెట్టి ఉన్నది ఒకే ఒక్క గుడ్డ. ఎరుపు మీద నలుపు అచ్చు ఉన్న పెద్ద గుడ్డ, చావులకు వెళ్ళేటప్పుడు భుజం మీదుగా చుట్టుకునేది. ఎరుపు ఎరుపే, నలుపు నలుపే, ఆడేవాళ్ళకు తను కనబడడు కదా అనుకుని చుట్టుకున్నాడు. కరెంటు లేక లోపల చీకటిగా, ఉక్కగా ఉంది. బ్యాటరీలతో నడిచే పాత రికార్డు ప్లేయరు, రేడియో రెండూ వరండాలోకి తెచ్చుకున్నాడు. మ్యాచ్‌కు ముందు ఒక పాట వేయడం ఆనవాయితీ. నెమ్మదిగా సాగే పాత హైలైఫ్ బ్యాండు పాట, తల్లిని తలుచుకుని పాడింది. అది వేసిన రోజుల్లో రేంజర్స్ మూడుసార్లు గెలిచారు. ఓడిన రోజుల్ని అతను లెక్కపెట్టలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. శనివారం కుమాసిలో సగం ఊరు ఎరుపు, నలుపు బట్టల్లోనే ఉంటుంది. చావు కార్యక్రమాలన్నీ ఆ రోజే కాబట్టి. కానీ ఆ కట్టుకున్నవాళ్ళంతా ఎక్కడికో వెళుతుంటారు. అజెకుమ్ ఎక్కడికీ వెళ్ళకుండా తన గుమ్మం ముందే కూర్చున్నాడు. షట్టరు సగం దించి ఉంది. తల నున్నగా గొరిగి ఉంది. పక్కన అమ్మ పాట. ఆ ఊళ్ళో పుట్టినవాడెవడికైనా దీని అర్థం ఇంకొకరు చెప్పనక్కర్లేదు. చావు ఈ ఇంట్లోనే జరిగింది.

ముందుగా చూసింది రోడ్డుకు అవతల 'వాచే' అనే అలసందల అన్నం అమ్మే పొకువా. గరిటె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, తలగుడ్డ సర్దుకుని రోడ్డు దాటింది. అజెకుమ్ కుడిచేయి రెండు చేతులతో పట్టుకుంది.

"ఓర్చుకో అన్నా."

"ఇంకా మూడన్నా కాలేదు కదమ్మా" అన్నాడు అజెకుమ్, రేంజర్స్ గురించే అనుకుని.

దుఃఖంలో మనిషికి మాట తడబడుతుందని పొకువాకు తెలుసు. పక్కనున్న బల్ల మీద కూర్చుంది. పదకొండేళ్ళుగా ఎదురుబొదురుగా వ్యాపారం చేస్తున్నారు. ఆమె ఆ వరండాలో కూర్చోవడం ఇదే మొదటిసారి. పాట ఒక వైపు పూర్తిగా అయ్యేదాకా కదల్లేదు.

"ఎంత బాగుంది. బేస్ గిటారు వాయించింది ఎవరన్నా?" అంది.

అజెకుమ్ ఆమె వంక చూస్తుండిపోయాడు. ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని అతను చూడబట్టి ఎన్నాళ్ళయిందో. వాయించినవాడి పేరు, వాడి ఊరు, వాడు బ్యాండు మానేసి లారీ తోలిన కథ, అన్నీ చెప్పాడు. చివర, తన సొంత ఆలోచన ఒకటి కూడా చెప్పాడు.

"బేస్ గిటారువాడు, గోల్‌కీపరు, ఇంటికి పెద్దకొడుకు, ముగ్గురిదీ ఒకటే బతుకు పొకువా. సరిగ్గా చేసినంతకాలం వాళ్ళున్నారని ఎవరికీ తెలీదు. ఒక్కసారి తప్పితే మాత్రం ఊరంతా చూస్తుంది."

ఈ మాట సెర్వాకు చెబితే "ఉప్పు అయిపోయింది" అనేది. పొకువా కళ్ళు తుడుచుకుంది.

అంతలో పక్క వీధిలో వేరే చావుకు వెళుతున్న చర్చి పాటల బృందం ఆడవాళ్ళు ఆరుగురు అటుగా వచ్చి ఆగారు. ఎలాగూ ఎర్రబట్టలు కట్టుకునే ఉన్నారు. కుడివైపు నుంచి మొదలుపెట్టి, వరసగా అందరి చేతులూ కలిపి కూర్చున్నారు. వాళ్ళను చూసి మిషన్లు బాగుచేసే ఇద్దరు మెకానిక్కులు వచ్చారు. వాళ్ళను చూసి మంగలి ఎనోక్ పరిగెత్తుకొచ్చాడు.

"పెద్దాయనా! పొద్దున్న ఒక్క మాట చెప్పలేదే! మొత్తం గొరగమన్నప్పుడే నాకు తట్టి ఉండాల్సింది."

అప్పుడు అర్థమైంది అజెకుమ్‌కు. తన గుడ్డ వంక చూసుకున్నాడు. తల తడుముకున్నాడు. పొకువా వైపు వంగాడు.

"పొకువా, నీకో మాట చెప్పాలి. అసలు సంగతేమిటంటే..."

"నువ్వేం చెప్పొద్దన్నా" అంది ఆమె గట్టిగా. "నీ నోటితో నువ్వు చెప్పుకోవాలా? కుటుంబంవాళ్ళు వస్తారు, ఎప్పుడు చెప్పాలో అప్పుడు చెబుతారు. నువ్వింకో పాట వెయ్."

మర్యాద అలాంటిది. చావింటికి వచ్చినవాళ్ళు చేతులు కలుపుతారు, నీళ్ళు తాగుతారు, కూర్చుంటారు. పోయింది ఎవరని దుఃఖంలో ఉన్నవాణ్ణి మొహం మీద అడగరు. కుటుంబం తరఫున పెద్దమనిషి లేచి చెప్పేదాకా ఆగుతారు. వెనక వరసలో ఒక మెకానిక్కు రెండోవాణ్ణి మోచేత్తో పొడిచాడు.

"ఎవర్రా?"

"ష్. అడుగుతారా ఎక్కడన్నా?"

"ఆయన్ని అడగట్లేదు, నిన్ను అడుగుతున్నా. నీకు తెలుసా?"

"నాకెందుకు తెలీదు" అన్నాడు రెండోవాడు. వాడికీ తెలీదు.

అజెకుమ్ లెక్క వేశాడు. నిజం చెబితే వరండా రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. చెప్పకపోతే ఇంకో రికార్డు వేయొచ్చు. ఇంకో రికార్డు వేశాడు. అది అయ్యాక చెబుదామనుకున్నాడు. అది అయ్యేసరికి ఇంకో తొమ్మిది మంది వచ్చారు.

ఒంటిగంటకు షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే అసారి వ్యానులో దిగాడు. అడగకుండానే గుంజలు పాతించడం మొదలుపెట్టాడు.

"నిన్నెవరు రమ్మన్నారయ్యా?" అన్నాడు అజెకుమ్ కంగారుగా.

"పిలిచేదాకా ఆగుతానా అన్నా? మా ఆవిడ మిషను పాడైన ప్రతిసారీ పట్టీ, సూదీ ఇచ్చి ఆదుకున్నావు. జనం ఎండలో ఉంటే నాకు మర్యాదా? పక్క వీధిలోవాళ్ళకు తెచ్చిన దాంట్లో ఒకటి మిగిలింది. నువ్వు లేవకు, కూర్చో."

షామియానా పడితే రోడ్డున పోయేవాడికి కూడా అనుమానం తీరిపోతుంది. రెండింటికల్లా నలభై ముగ్గురయ్యారు. పొకువా తన అన్నం గంపే తెచ్చి అందరికీ వడ్డించింది. ఎవరో మంచినీళ్ళ సంచులు మోసుకొచ్చారు. అజెకుమ్ ఏం మాట్లాడినా అందరూ తలలు వంచి వింటున్నారు. అతని జీవితంలో ఎవరూ మాటకు అడ్డం రాని మధ్యాహ్నం అదొక్కటే.

"రికార్డుల్ని నిలబెట్టి పెట్టాలి" అన్నాడు. "ఒకదాని మీద ఒకటి పడేస్తే కిందది నలిగిపోతుంది. బయటికి చప్పుడు రాదు. పదేళ్ళ తర్వాత తీసి వేస్తే అప్పుడు తెలుస్తుంది."

"నిజం, నిజం" అన్నారు పాటల బృందం ఆడవాళ్ళు. ఒకావిడ వెక్కింది.

మూడైంది. రేడియో పెట్టాడు. పాపం మనసు మళ్ళించుకుంటున్నాడని మగవాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. మొదటి సగం గోలు లేకుండా గడిచింది. విరామంలో అందరూ కలిసి రేంజర్స్ కోచ్‌ను తిట్టారు. ఇద్దరు మనుషులు ఒకే మాట ఒకేసారి తిడితే ఎంత హాయిగా ఉంటుందో అజెకుమ్ మర్చిపోయి చాలాకాలమైంది. డెబ్భై ఒకటో నిమిషంలో గోలు పడింది. మనకు కాదు, వాళ్ళకు. ఆఖరి ఈల వినబడ్డాక అజెకుమ్ గుడ్డ చెంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఈసారి నిజంగానే ఏడ్చాడు. షామియానా కింద ఉన్నవాళ్ళంతా, ఆట తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ, అతనితో పాటు ఏడ్చారు.

ఆ ఏడుపు మధ్యలోకి ఒక అద్దె వ్యాను వచ్చి ఆగింది. కుటుంబపెద్ద, అన్నదమ్ములిద్దరికీ మేనమామ, ఎనభై ఒక్క ఏళ్ళ నానా అంపొఫో చేతికర్రతో దిగాడు. వెనకాల పదకొండు మంది చుట్టాలు. వాళ్ళలో అందరికన్నా ముందు, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని సార్పాంగ్.

"అన్నయ్యా! ఒక్క మాటైనా చెప్పకుండా పోయావా అన్నయ్యా! ఆరేళ్ళు మొహం చూడలేదు, ఇప్పుడు పెట్టెలో చూడాలా అన్నయ్యా!"

జనం పక్కకు జరిగారు. అజెకుమ్ గుడ్డ చెంగు దించాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు.

సార్పాంగ్ నోరు తెరుచుకునే ఉండిపోయింది. "నువ్వు... కూర్చున్నావేం?"

"నేనెందుకు పోతాన్రా?" అన్నాడు అజెకుమ్.

నానా అంపొఫో కర్ర నేలకు తాటించాడు. "మేం అనుకోవడంలో తప్పేముంది? అజెకుమ్ ఇంట్లో చావు, షామియానా కూడా వేశారని అసోక్వా దాకా కబురొచ్చింది. ఆ ఇంట్లో ఎవరు పోయినా నాకు చెప్పాల్సినవాడు అజెకుమ్. అజెకుమ్ చెప్పలేదు. ఫోన్ చేస్తే పలకలేదు. సెర్వాకు చేస్తే పలికింది. ఇంకెవరు మిగిలారు? చెప్పాల్సినవాడే పోయాడని లెక్క తేలింది."

ఆ లెక్కలో తప్పు పట్టడానికి అజెకుమ్‌కు కూడా ఏమీ దొరకలేదు.

సార్పాంగ్ చంకలో బట్టలో చుట్టిన పలచటి పొట్లం ఒకటుంది. అజెకుమ్ చూపు దాని మీద ఆగింది.

"అదేమిట్రా?"

"ఏం లేదు. పెట్టెలో నీతో పెడదామని తెచ్చా."

తీసుకుని విప్పి చూశాడు. నాన్న కొన్న రికార్డే. అదే పాట, అదే పసుపు లేబులు, వంకర లేనిది. అజెకుమ్ దాన్ని వెలుతురుకు వంచి చూశాడు. వేలు అంచుకే తగిలేలా పట్టుకుని తిప్పి చూశాడు.

"రెండో వైపు రెండు గీతలున్నాయి" అన్నాడు. "ఎక్కడ దొరికింది?"

"కేప్‌కోస్ట్‌లో ఒక ముసలాయన దగ్గర. నాలుగేళ్ళు తిరిగా దానికోసం."

"ఎప్పుడు దొరికింది?"

సార్పాంగ్ నేల చూశాడు. "రెండేళ్ళయింది."

"రెండేళ్ళ నుంచి నీ దగ్గర పెట్టుకుని తేలేదా?"

"నువ్వే ముందు ఫోన్ చేస్తావేమోనని చూశా. నువ్వు చేశావా?"

"మీ ఇద్దరి గొడవ ఆగనివ్వండి" అన్నాడు నానా అంపొఫో. కుర్చీలో కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. అప్పుడు పద్ధతి ప్రకారం, అందరికీ వినబడేలా అడగాల్సింది అడిగాడు. "అజెకుమ్, జనం వచ్చారు. షామియానా పడింది. నువ్వు ఎర్రబట్ట కట్టావు, తల గొరిగించుకున్నావు. పోయింది ఎవరు?"

నలభై మూడు మందీ, వచ్చిన పన్నెండు మందీ ముందుకు వంగారు. మధ్యాహ్నం నుంచీ అందరూ ఎదురుచూస్తున్నది ఈ మాట కోసమే.

"ఎవరూ పోలేదు మావయ్యా" అన్నాడు అజెకుమ్. "క్షవరం సగంలో కరెంటు పోయింది. జెర్సీ ట్రంకులో ఉంది, తాళంచెవి తకొరాదీలో ఉంది. రేంజర్స్ రంగులని ఈ గుడ్డ కట్టా. అంతే."

పాటల బృందంలో ఒకావిడ "ఓరి దేవుడా" అంది. "నాకు తెలుసన్నానా" అన్నాడు మెకానిక్కు.

"మరి మొదటి మనిషి వచ్చినప్పుడే చెప్పలేదేం?" అన్నాడు నానా అంపొఫో.

అజెకుమ్ రికార్డు అంచు తడిమాడు.

"చెబితే లేచి వెళ్ళిపోతారని."

పొకువా ఖాళీ అన్నం గంప వంక చూసింది. రోడ్డు అవతలున్న తన బల్ల వంక చూసింది. పదకొండేళ్ళు అడ్డంగా పడి ఉన్నది ఇరవై అడుగుల రోడ్డే.

నానా అంపొఫో గడ్డం గోక్కున్నాడు. "కుటుంబపెద్దకు చెప్పకుండా చావు పెట్టుకుంటే శిక్ష గొర్రెపోతు. చావే లేకుండా చావు పెట్టుకుంటే ఏమిటో మన ముందువాళ్ళెవరూ చెప్పి పోలేదు." కర్రతో రేడియో వైపు చూపించాడు. "మ్యాచ్ ఏమైంది?"

"ఒకటి సున్నా. దిగిపోయారు మావయ్యా."

"ముప్ఫై ఒక్క ఏళ్ళు," అన్నాడు ముసలాయన మెల్లగా. కుర్రతనంలో ఆయన ఆ జట్టుకు గోల్‌కీపరు, ఆ సంగతి చుట్టాల్లో కూడా సగం మంది మర్చిపోయారు. లేచి నిలబడ్డాడు. "జనమంతా వినండి. కుటుంబం తరఫున నేను చెబుతున్నా. పోయింది బంతామా రేంజర్స్. ఇంతమంది కూర్చుని ఏడ్చాక అది అబద్ధమని చెప్పి కుటుంబం పరువు తీయను. పద్ధతి ప్రకారం వచ్చే శనివారం వారం రోజుల కూడిక, తర్వాత నలభయ్యో రోజు, తర్వాత సంవత్సరీకం. ఈ వరండాలోనే. పాటలు అజెకుమ్‌వి."

అంతలో సెర్వా నుంచి నానా అంపొఫో ఫోన్‌కు కాల్ వచ్చింది. బస్సులో ఉంది. ముసలాయన ఫోన్‌ను అజెకుమ్‌కు అందించాడు.

"బతికే ఉన్నావా?" అంది సెర్వా. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఉన్నా."

"నిజంగా?"

"నేనే కదా మాట్లాడుతున్నా."

బస్సు చప్పుడు మధ్య ఆమె ముక్కు చీదుకోవడం వినిపించింది. "సగం దూరం వచ్చేశా. అయితే దిగి వెనక్కి వెళతా, పిల్లకు పొద్దుట్నుంచీ స్నానం లేదు. తాళంచెవి డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నా, స్టాండులో తీసుకో." మళ్ళీ చప్పుడు. "ఎంతమంది వచ్చారు?"

"యాభై అయిదు."

"నేను పోతే అంతమంది వస్తారా?"

"షామియానా వేస్తే వస్తారు" అన్నాడు అజెకుమ్. ఆమె నవ్వింది. ఆరు నిమిషాల పదకొండు సెకన్లు మాట్లాడారు.

ఎండ వాలాక నాన్న రికార్డు వేశారు. సార్పాంగ్ ప్లేయరుకు అటు, అజెకుమ్ ఇటు కూర్చున్నారు. ఎవరూ వేడిది ఏదీ ఆ దరిదాపులకు తేకుండా ఎనోక్ కాపలా కాశాడు. పొకువా లోపలికి వెళ్ళి గోడకు తగిలించి ఉన్న నల్లటి గిన్నె ఒకటి తెచ్చి, అదేమిటో తెలియక, దాన్నిండా వేరుశనగలు పోసి అందరికీ అందించింది. గిన్నె సార్పాంగ్ దాకా వచ్చింది. దాని మధ్యలో చిల్లు చూసి, వంకరపోయిన పసుపు లేబులు చూసి, గుప్పెడు తీసుకుని, ఒక్క మాట కూడా అనకుండా అన్నయ్యకు అందించాడు. ఆరేళ్ళలో అతను చేసిన తెలివైన పని అదే.

ఆరింటికి అసారి కుర్చీలు మడిచాడు. అందరూ మళ్ళీ చేతులు కలిపి, వచ్చే శనివారం కలుద్దామని వెళ్ళిపోయారు. అజెకుమ్ ఒక్కడే వరండాలో మిగిలాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. వారం, నలభై, ఏడాది. మూడు కూడికలు. ఏడాది లోపే జట్టు మళ్ళీ పెద్ద లీగుకు వచ్చేస్తే మాత్రం ఏడుపుకు కారణం ఉండదు, కూడిక ఉండదు.

నలభై ఏళ్ళ అభిమానంలో మొదటిసారి, రేంజర్స్ అంత తొందరపడి గెలవకూడదని అతను దేవుణ్ణి కోరుకున్నాడు.